ఇంకొక్క ముద్ద

మీ పాప కంచం ముందు నోరు బిగించి తల పక్కకు తిప్పేసింది. అప్పుడు మీరేం చేస్తారు? "ఇది తాత ముద్ద, ఇది మామ్మ ముద్ద, ఇదిగో ఇదే ఆఖరు" అంటారు. ఆ ఆఖరు ముద్ద తర్వాత ఇంకో నాలుగు ఆఖరు ముద్దలు నడుస్తాయి. అప్పటికీ వినకపోతే ఫోన్‌లో పాట పెడతారు. కళ్లు తెర మీద పడగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. గిన్నె ఖాళీ అవుతుంది, మీ మనసు కుదుటపడుతుంది.

గిన్నె ఖాళీ అయింది సరే, పాపకు నిజంగా ఆకలేసిందా? మన ఇళ్లలో చాలామంది అడగని ప్రశ్న ఇది. ఏడాది నుంచి ఆరేళ్ల లోపు పిల్లలున్న ప్రతి ఇంట్లో రోజుకు మూడుసార్లు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే.

ఆకలి లేకుండా పెట్టే ముద్దలు ఊబకాయం వైపు నడిపిస్తాయి. "పిల్లాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు, ఇప్పుడే ఊబకాయం మాటెందుకు?" అంటారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 2015–16లో 2.1 శాతం. 2019–21 సర్వే నాటికి 3.4 శాతం. అంకె చిన్నదే, కానీ ఎంత త్వరగా పెరిగిందో చూడండి. ఇక 5 నుంచి 19 ఏళ్ల వాళ్ల సంగతి చూస్తే, ప్రపంచం మొత్తం మీద ఊబకాయం ఉన్నవాళ్లు బరువు చాలనివాళ్లను మొదటిసారి దాటిపోయారని 2025లో యునిసెఫ్ ప్రకటించింది. బడికెళ్లే వయసులో కనిపించే ఆ లావు రాత్రికి రాత్రి వచ్చింది కాదు. అన్నప్రాశన తర్వాతి నాలుగైదేళ్లలో ఇంట్లో పడిన అలవాట్లకు అందులో పెద్ద వాటా ఉంది.

అలాగని ఈ పేజీ చదివి పిల్లాడి కంచంలో అన్నం సగం తీసేయకండి. మన విశాఖలో ఒకే వీధిలో బరువు చాలని పిల్లలూ ఉంటారు, బరువు మించిన పిల్లలూ ఉంటారు. పక్కింటి పిల్లాణ్ణి చూసి మీ పిల్లాడి గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ముందు ఒక భయం వదిలించుకోండి

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి తొమ్మిది కిలోలు దాటుతుంది. ఒక్క ఏడాదిలో మూడింతలు! అలా పెరిగే బిడ్డను చూసిన కళ్లకు రెండో ఏడు నిరాశగానే ఉంటుంది. ఎందుకంటే ఆ ఏడాది పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఆ తర్వాత ఐదేళ్ల వరకు ఏడాదికి రెండు కిలోలు అటూ ఇటూగా పెరుగుతారు. ఎదుగుదల నెమ్మదించాక ఆకలీ తగ్గుతుంది. నడక వచ్చాక బుగ్గలు కరుగుతాయి, కాళ్లు సాగుతాయి. ఐదారేళ్ల వయసులో పిల్లలు మామూలుగానే బాగా సన్నగా కనిపిస్తారు. అది జబ్బు కాదు, ఒళ్లు తీసుకునే మలుపు.

సరిగ్గా ఆ మలుపులోనే "గుంటడు సిక్కిపోనాడు" అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. అక్కణ్నుంచి పొడులు, టానిక్కులు, బతిమాలడాలు, బెదిరింపులు. ఆకలి తగ్గాల్సిన వయసులో తిండి పెంచుతాం. నన్నడిగితే ఈ అధ్యాయంలోని మిగతా తప్పులన్నీ ఈ ఒక్క భయంలోంచి పుట్టినవే.

మన పిల్లల విషయంలో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పుణెలోని కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో, మన దేశపు పిల్లలు పుట్టేటప్పుడు బరువు తక్కువగా కనిపించినా వాళ్ల ఒంట్లో కండ తక్కువ, కొవ్వు వాటా ఎక్కువ అని తేలింది. అంటే పైకి సన్నగా ఉన్న బిడ్డను తొందర తొందరగా బొద్దుగా చేయాలని పోటీపడితే చేరేది కొవ్వే. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఎంత వేగంగా పెరగాలో డాక్టరు చెబుతారు. ఆ మేరకు పెరిగితే చాలు.

మరి మీ బిడ్డ సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కంటితో తెలియదు. మీ దగ్గర తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటుంది. అందులో ఎదుగుదల గీతలుంటాయి. అంగన్‌వాడీలో బరువు తూచేటప్పుడు "ఎత్తు కూడా కొలవండమ్మా" అని అడగండి. ఐదేళ్ల లోపు పిల్లలకు బరువొక్కటే చూస్తే సగమే తెలుస్తుంది, ఎత్తుకు తగ్గ బరువు ఉందా అన్నదే లెక్క. చాలామంది తల్లులు గీత కిందికి పడితేనే కంగారుపడతారు. గీత పైకి పోతూ ఉంటే సంబరపడతారు. రెండూ డాక్టరుకు చూపించాల్సినవే.

ఇక చేయాల్సిన పనులు

1. ఏం పెట్టాలో మీరు చూసుకోండి, ఎంత తినాలో బిడ్డకు వదిలేయండి.

ఇది అన్నింటికంటే కష్టమైన పని, అందుకే మొదట చెబుతున్నాను. వేళకు పెట్టడం, మంచిది పెట్టడం, కూర్చోబెట్టి పెట్టడం మీ వంతు. ఎన్ని ముద్దలు అన్నది బిడ్డ వంతు. కడుపు నిండిన బిడ్డ ఆ సంగతి స్పష్టంగానే చెబుతుంది: తల తిప్పుతుంది, చెంచా నెట్టేస్తుంది, ముద్ద బుగ్గన పెట్టుకుని నమలదు, అన్నంతో ఆడడం మొదలెడుతుంది. మొదటి రెండు గుర్తులు కనబడగానే ఆపేయండి.

ఎలా మొదలెట్టాలి? చిన్న కంచం తీసుకోండి. మీరు పెట్టాలనుకున్న దాంట్లో సగమే పెట్టండి, కావాలంటే మళ్లీ అడుగుతుంది. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తర్వాత కంచం తీసేయండి. కోపం వద్దు, ఉపన్యాసం వద్దు.

ఇక్కడే అందరూ జారిపోతారు. మధ్యాహ్నం అన్నం వద్దన్న పిల్లాడికి అరగంట తర్వాత "ఏదో ఒకటి కడుపులో పడాలి కదా" అని నాలుగు బిస్కెట్లు ఇస్తారు. పిల్లాడికి దీంట్లో ఏం అర్థమైంది? అన్నం వద్దంటే బిస్కెట్లు వస్తాయని. రేపు అన్నం ఇంకా గట్టిగా వద్దంటాడు. బిస్కెట్లు ఇవ్వకండి. సాయంత్రం నాలుగింటికి పెట్టే అరటిపండో, ఉడికించిన సెనగలో కాస్త ముందు, మూడున్నరకే పెట్టండి. ఒక పూట తక్కువ తింటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఏమీ కాదు. పిల్లలు ఒకరోజు పిచ్చుకలా తింటారు, మర్నాడు రెండింతలు తింటారు. వారం మొత్తం మీద చూసుకోండి. జ్వరంతో ఉన్న బిడ్డకూ, బరువు తక్కువని డాక్టరు చెప్పిన బిడ్డకూ మాత్రం ఈ మాట వర్తించదు.

"తోటకూర తింటే చాక్లెట్" అనే బేరం కూడా మానేయండి. ఆ బేరంలో తోటకూర శిక్ష అయిపోతుంది, చాక్లెట్ బహుమతి అయిపోతుంది. కొత్త కూర పిల్లలకు నచ్చాలంటే పది, పదిహేనుసార్లు కంచంలో కనబడాలి. రెండుసార్లు పెట్టి "మావాడు బెండకాయ ముట్టడండీ" అని తేల్చేయకండి. ఒక్క ముక్క పక్కన పెట్టండి, మీరు తినండి, వాణ్ణి ఏమీ అనకండి. రైతుబజారుకు తీసుకెళ్లి "ఇవాళ కూర నువ్వే ఎంచు" అనండి. తను ఏరిన సొరకాయ మీద పిల్లాడికి ఉండే మమకారం వేరు.

2. కంచం తీరు కాస్త మార్చండి.

మన కంచంలో అన్నం గుట్టగా ఉంటుంది, కూర చుట్టంలా ఓ మూల ఉంటుంది. పిల్లల కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు, చేప పెంచండి. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఉన్నాం. నెత్తళ్లు, కానాగంతలు వంజరం కంటే చవక. ముళ్లు జాగ్రత్తగా తీసి వేపుడు బదులు పులుసులో పెట్టండి. పొద్దున చోడి (రాగి) అంబలి మన ఉత్తరాంధ్ర ఇళ్లకు కొత్త కాదు. ప్రభుత్వ బడుల్లో 2023 మార్చి నుంచి రాగిజావ ఇవ్వడం మొదలైంది. అయితే బెల్లం గుప్పిళ్లతో వేస్తే అంబలి కాస్తా పాయసం అవుతుంది. రెండేళ్లు నిండేవరకు బెల్లం, చక్కెర, తేనె ఏదీ కలపకపోవడమే మంచిది. రుచి తెలియని నాలుక దాన్ని అడగదు. పప్పన్నంలో చెంచాడు నెయ్యి గురించి మాత్రం భయపడకండి, చిన్నపిల్లలకు కొవ్వు కొంత కావాలి.

3. పాలు, పొడులు, సీసా.

ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అరలీటరు మించి పాలు అక్కర్లేదు. లీటరు పాలు తాగే పిల్లాడు అన్నం తినకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఏడాది దాటాక పాలసీసా మాన్పించే పని మొదలెట్టి, ఏడాదిన్నరకల్లా గ్లాసుకు మార్చేయండి. నిద్రలో సీసా నోట్లో పెట్టే అలవాటు అన్నింటికంటే ముందు పోవాలి, దానివల్ల పళ్లు కూడా పాడవుతాయి.

పాలల్లో కలిపే పొడులను మనం ఏళ్ల తరబడి బలం మందుల్లా చూశాం. అలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్స్" అనే విభాగంలోంచి తీసేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. డబ్బా తిప్పి చూడండి. దేంతో చేశారో రాసే వరుసలో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి. చక్కెర మొదటి రెండు మూడు పేర్లలో ఉందంటే మీరు కొంటున్నది ఎక్కువగా దాన్నే.

పళ్లరసం కూడా ఇదే కోవలోకి వస్తుంది. రెండేళ్ల లోపు అసలు వద్దనీ, ఐదేళ్ల లోపు రోజుకు 125 మిల్లీలీటర్లు దాటొద్దనీ మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. రసం తీయడమెందుకు, పండే పెట్టండి. ఎండాకాలం తాటిముంజలు, చలికాలం మన్యం నుంచి దిగే సీతాఫలాలు ఉండగా అట్టపెట్టె రసంతో పనేముంది?

4. ఐదు రూపాయల ప్యాకెట్.

ఇది ఇంటికి ఎలా వస్తోంది? ఒక్కసారి గమనించండి. పిల్లాడు ఏడుస్తాడు, తాత చెయ్యి పట్టుకుని వీధి చివర కొట్టుకు తీసుకెళ్తాడు. ప్లేస్కూల్ నుంచి వస్తూ ఒకటి, సాయంత్రం ఒకటి. రోజుకు రెండు ప్యాకెట్లంటే నెలకు మూడొందలు. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా ఆ డబ్బుకు నలభై రెండు గుడ్లొస్తాయి. ఈ లెక్క ఇంట్లో పెద్దవాళ్ల ముందు వేయండి. ఆరోగ్యం మాట వినని వాళ్లు కూడా ఈ మాట వింటారు.

ఇంట్లో ఉన్నది దాచిపెట్టి, అడిగితే లేదనడం పనిచేయదు. ఏ అలమరలో ఉందో పిల్లలకు మీకంటే ముందే తెలుసు. ఇంటికి తేకపోవడమొక్కటే దారి. బడికి యాభై మీటర్ల లోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన పెట్టింది. మీ బడి గేటు దగ్గర అమ్ముతుంటే నలుగురు తల్లిదండ్రులు కలిసి బడివాళ్లను అడగండి. ఒక్కరడిగితే గొణుగుడు, నలుగురడిగితే విన్నపం. పుట్టినరోజులకు, పండగలకు మినహాయింపు ఇవ్వండి. ఎప్పుడో ఒక కేకు ముక్కతో ఎవరూ లావైపోరు.

5. రాత్రి పదింటి పార్సిల్.

గాజువాక, కూర్మన్నపాలెం, మల్కాపురం వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లకు ఇది బాగా తెలిసిన దృశ్యం. నాన్న మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కి రాత్రి పదింటికి దిగుతాడు. సాయంత్రమంతా పిల్లను చూడలేదు కాబట్టి చేతిలో నూడుల్సో, బిర్యానీయో, ఐస్‌క్రీమో. పాప ఎనిమిదింటికే అన్నం తినేసింది. కానీ నాన్న వస్తాడని మేలుకునే ఉంది. రెండో భోజనం మొదలవుతుంది, నిద్ర పదకొండున్నరకు. పొద్దున ఆలస్యంగా లేస్తుంది, టిఫిన్ వద్దంటుంది, మధ్యాహ్నం అన్నం అంతంతమాత్రం, సాయంత్రానికి ప్యాకెట్ ఆకలి. ఒక్క పార్సిల్ మర్నాడంతా నడిపిస్తుంది.

అందులో నాన్న ప్రేమ తప్ప వేరే ఏమీ లేదు. ఆ ప్రేమకు ఇంకో వేళ చూపించాలి, అంతే. సెకండ్ షిఫ్ట్ వారంలో పొద్దున పూట నాన్నది. తనే స్నానం చేయించి, తనే ఇడ్లీ పెట్టి, అరగంట ఆడించి వెళ్లాలి. రాత్రి పాప తొమ్మిదిలోపు పడుకోవాలి. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నైట్ షిఫ్ట్ వారంలో ఇబ్బంది ఇంకోలా ఉంటుంది: నాన్న పగలు పడుకోవాలి కాబట్టి పిల్ల అల్లరి చేయకుండా చేతికి ఫోన్ ఇస్తారు. ఆ రెండు మూడు గంటలు పిల్లను మేడ మీదికో, పక్కింటికో, అంగన్‌వాడీకో పంపే ఏర్పాటు ముందే చేసుకోండి.

6. ఆట ఎక్కడ?

ఉక్కునగరం సెక్టార్లలో ఉండేవాళ్లు అదృష్టవంతులు. చెట్లున్నాయి, ఖాళీ జాగా ఉంది. పోర్టుకు దగ్గరలో బొగ్గు దుమ్ముకు కిటికీలే తెరవని ఇళ్ల సంగతేమిటి? మధురవాడ అపార్ట్‌మెంట్లో నాలుగో అంతస్తు సంగతేమిటి? "బయటికెళ్లి ఆడించండి" అని చెప్పడం తేలిక, చేయడం అందరికీ ఒకేలా ఉండదు.

ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలు ఒళ్లు కదిలించాలి. ఒకేసారి కానక్కర్లేదు. మెట్లు ఎక్కడం, దుప్పటి కింద దూరడం, బకెట్‌లో గుడ్డలు తొక్కడం, పాటకు గెంతడం అన్నీ లెక్కలోకే వస్తాయి. కాస్త పెద్దయితే తొక్కుడుబిళ్లకు నాలుగడుగుల నేల చాలు. దుమ్ము ఎక్కువున్న రోజు లోపలే ఆడించండి. తెర విషయంలో రెండేళ్లు నిండేదాకా అసలు వద్దు. నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటొద్దు, అన్నం దగ్గర మాత్రం ఎప్పుడూ వద్దు.

బీచ్‌కు తీసుకెళ్తే? తప్పకుండా తీసుకెళ్లండి, ఇసుకలో పరుగుకు మించిన వ్యాయామం లేదు. అయితే మనలో చాలామందికి ఆర్కే బీచ్ అంటే నడక తక్కువ, తిండి ఎక్కువ. మిరపకాయ బజ్జీ, పీచుమిఠాయి, ఐస్‌క్రీమ్, మళ్లీ దాహానికి కూల్‌డ్రింక్. ఇంటి దగ్గర తినిపించి బయల్దేరండి, మంచినీళ్ల సీసా పట్టుకెళ్లండి. "ఏదైనా ఒక్కటి, నువ్వే ఎంచుకో" అని ముందే చెప్పండి. కాల్చిన మొక్కజొన్న పొత్తో, మురీ మిక్చరో అయితే మరీ మంచిది. అలల దగ్గర చెయ్యి మాత్రం వదలకండి, మన తీరం లోతు నమ్మదగ్గది కాదు.

7. మామ్మతో మాట్లాడటం.

సగం ఇళ్లలో పగలు పిల్లల్ని చూసేది మామ్మో, అమ్మమ్మో. "మీవల్లే వీడిలా తయారయ్యాడు" అన్నారంటే అక్కడితో సంభాషణ అయిపోయినట్టే. ఆవిడ పెంచిన రోజుల్లో పిల్లలు కరువులోనూ, విరేచనాల్లోనూ చిక్కిపోవడం చూసింది. బొద్దుగా ఉంటే బతుకుతాడన్నది ఆవిడ కళ్లతో చూసిన నిజం. దాన్ని గౌరవిస్తూనే పని అప్పగించండి.

"అత్తయ్యా, డాక్టరుగారు వీడికి పాలు రెండు గ్లాసులే అన్నారు. మీరు చేసే చోడి అంబలి పెట్టమన్నారు. పొద్దున అదొక్కటీ మీరు చూసుకుంటారా?"

"మరి ఏడుస్తాడే?"

"ఏడిస్తే మేడ మీదికి తీసుకెళ్లి కాకుల్ని చూపించండి అత్తయ్యా. బిస్కెట్ డబ్బా నేను ఇంట్లోంచి తీసేశాను, అడిగినా మీరు లేదని నిజమే చెప్పొచ్చు."

చూశారా? వద్దన్న పని ఒకటి, అప్పగించిన పని రెండు. ఈ మాటలు కోడలి కంటే కొడుకు చెబితే ఇంకా బాగుంటుంది. మగవాళ్లు ఈ బాధ్యత తప్పించుకోవద్దని నా విన్నపం.

8. ఇప్పటికే బరువు మించి ఉంటే?

చిన్నపిల్లలకు డైటింగ్ లేదు. చాలామందికి బరువు తగ్గించాల్సిన పని కూడా ఉండదు. బరువు అలాగే నిలబడి ఎత్తు పెరిగితే ఏడాది రెండేళ్లలో ఒళ్లు సర్దుకుంటుంది. పైన చెప్పినవన్నీ ఇంటిల్లిపాదీ పాటించండి. అన్న తింటుంటే తమ్ముడొక్కడికే వద్దనడం అన్యాయం. "బొండాం", "లడ్డూ" అని ముద్దుపేర్లు పెట్టి పిలిచే చుట్టాలకు గట్టిగానే చెప్పండి. నాలుగేళ్ల పిల్లకూ అవమానం తెలుస్తుంది, ఆ బాధలో చాటుగా తినడం నేర్చుకుంటుంది.

కొన్ని గుర్తులు కనబడితే ఆలస్యం చేయొద్దు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారిందా? చాలామంది తల్లులు అది మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి తోముతారు, పిల్ల ఏడుస్తుంది, అది పోదు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. రాత్రిళ్లు గట్టిగా గురక పెట్టినా, నాలుగడుగులకే ఆయాసపడినా, బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి. మన ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల విభాగం ఉంది, అక్కడికి ఎవరైనా వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్లండి. ముందు మూడు రోజులు బిడ్డ నోట్లోకి వెళ్లిందల్లా, తాత కొనిచ్చిన చాక్లెట్‌తో సహా, వేళ వేసి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. డాక్టరు మిమ్మల్ని మొదట అడిగేది దాని గురించే.